చెల్లెలి షాపుకు నా సాక్షి సంతకం

అమ్మా, ఆత్మకూరులో మేమంతా క్షేమం. ఫోన్‌లో అయితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఇన్నేళ్లుగా నేను జీతానికి కుడుతున్న టైలరింగ్ షాపు, నేను కొనుక్కోవాలనుకున్న షాపు, మన ఎస్తేరు కొన్నది. నిన్న ఆఖరి కంతు కట్టింది. మొత్తం ముట్టిందనీ, ఇక షాపు మీద తనకు హక్కు లేదనీ ఓనరమ్మ రసీదు రాసి, స్టాంపు అంటించి సంతకం చేసింది. సాక్షి సంతకం నాది. ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా దానికి?

అంతటితో వదిలిందా! ప్రార్థన చెయ్యందే తాళం అందుకోనంది. “అక్కా, పెద్దదానివి నువ్వుండావు గదా, నువ్వే చెయ్యి” అంది. కళ్లు మూసుకున్నాను. ‘దీవించు’ అనే మాట గొంతు దాటలేదు. “ప్రభువా, ఈ షాపును చూడు” అని మాత్రం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. రేపటి నుంచి నాకు జీతమిచ్చేది అదే.

మోకాళ్లకు మందు రాసుకుంటున్నావా? మన ఉదయగిరి కొయ్య గరిటెలు రెండు బస్సులో పంపించు. నాకే, దానికి వద్దు. నాయనకు వందనాలు.

ఆదివారం చర్చిలో దాని షాపు కోసం, నేను మింగేసిన ఆ మాట నువ్వు అనమ్మా. నాకింకా నోరు రావడం లేదు.

నీ పెద్దకూతురు,
సుగుణ