సైలెన్సర్ నేనే ఎంచుకున్నాను

శ్రీవారికి,

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగా ఉన్నాము. ఓడ మీద మీ నడుము నొప్పి ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు గానీ, ఉత్తరం నిండా బండి గురించే అడిగారు. కాబట్టి ముందు దాని క్షేమం. బ్యాటరీ బాగుంది. చైన్‌కు నూనె వేస్తూనే ఉన్నాను. అత్తయ్య మోకాళ్లు కూడా బాగున్నాయి, మీరు అడగకపోయినా.

ఇక సైలెన్సర్ సంగతి. "ఇంజిన్ దగ్గర్నుంచి చివరిదాకా ఫుల్ సిస్టమ్ వేయించు, మోతకి వీధంతా లేచి కూర్చోవాలి" అని రాశారు. నేను వేయించలేదు. పాత పైపులు అలాగే ఉంచి, చివరి సైలెన్సర్ ఒక్కటే మార్చే స్లిప్-ఆన్ వేయించాను. అదీ మోత తక్కువది.

షాపాయన నా ముఖం చూసి, "సార్‌ని అడిగి రండి మేడమ్, ఇది మగవాళ్ల వ్యవహారం" అన్నాడు.

"నడిపేవాళ్ల వ్యవహారం" అన్నాను.

తెలియక చేశాననుకోకండి. మీ స్నేహితుడు పొడుగాయన తన పాత ఫుల్ సిస్టమ్ ఇస్తే మెకానిక్‌తో బిగించి చూశాను. తిన్నని దారిలో బండి కట్లు తెంచుకున్నట్టు ఉరికింది, కాదనను. కానీ మలుపు తిరిగి యాక్సిలరేటర్ ఇచ్చేసరికి ఒక్క క్షణం తటపటాయించింది. స్లిప్-ఆన్‌తో ఆ బాధ లేదు. చెయ్యి తిప్పగానే కదులుతుంది.

మలుపుల సంగతి నీకెలా తెలిసిందని అడుగుతారు. చెబుతాను, కాస్త కూర్చుని చదవండి.

మీరు ఓడెక్కిన తర్వాత నేను ఊరి బయట రేస్ ట్రాక్‌లో చేరాను. అక్కడ నేర్పే ఆవిడ చండశాసనురాలు. మీ బండి మీదే నేర్చుకున్నాను. మీరు వచ్చాక బండి కుడివైపు కనిపించే పొడుగాటి గీత నేను పడినప్పటిదే. మోచేతి చర్మం లేచిపోయింది, మళ్లీ వచ్చింది. పోయిన ఆదివారం పోటీలో దిగాను. ఇది క్షమాపణ కాదు, కబురు.

పొడుగాయన కూడా దిగాడు. నన్ను చూసి నవ్వి, "వెనక సీటు ఖాళీగానే ఉందమ్మా" అన్నాడు. చివరి చుట్టులో ఆయన నా ముందే ఉన్నాడు. మలుపు దాటగానే, కొత్త ఫుల్ సిస్టమ్ వేయించుకున్న ఆయన బండి ఆ ఒక్క క్షణం తటపటాయించింది. నాది ఆగలేదు. పక్కనుంచి వెళ్లిపోయాను. చివరి నుంచి రెండోదాన్ని నేను. చివరివాడు ఎవరో వేరే చెప్పాలా?

కంచె దగ్గర అత్తయ్య గొంతు పోయేలా అరిచారు. హెల్మెట్ తీస్తుంటే దగ్గరికి వచ్చి, "వాడికి చెప్పావా?" అన్నారు.

"లేదత్తయ్యా, ఒప్పుకోరేమోనని."

"రాసెయ్. ఒప్పుకోకపోతే వాడి సంగతి నేను చూసుకుంటాను. కన్నదాన్ని" అన్నారు.

మీరు సెలవు మీద వచ్చే నెలలోనే రెండో పోటీ ఉంది. ఆ రోజు బండి అడగొద్దు. కంచె దగ్గర అత్తయ్య పక్కన నిలబడండి. నా పేరు పెట్టి ఎంత గట్టిగానైనా అరవండి. "జాగ్రత్త" అని మాత్రం అరవకండి. ఆ మాటకు నేను వేగం తగ్గించను.

ఇట్లు,
మీ బండి నడుపుతున్న
మీ ఇల్లాలు