మొహం తిప్పుకునే మనిషి

చిట్టితల్లీ,

నాన్న ఆశీస్సులు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి, ఏమీ అనుకోకు. మగ్గం మీద తిరిగిన చెయ్యి కలం మీద తిరగలేదు.

ఉద్యోగం పని మీద వెళ్తూ, మన మేడమీద గదిలో అద్దెకుండే పుస్తకాల బైండింగతన్ని పెళ్లి చేసుకుంటానన్నావు. నువ్వు తిరిగొచ్చేలోగా అతన్ని చూసి నా మాట చెప్పమన్నావు. చూశాను. నా మాట వద్దని.

కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. నేను పలకరిస్తే అతను మొహం గోడకు తిప్పేస్తాడు. జవాబూ గోడకే చెప్తాడు. మరమగ్గాల హోరులో నా చెవులు సగం పోయాయని నీకు తెలుసు. వినపడిన కాస్తకీ పెదాల కదలిక కలుపుకుంటేనే నాకది మాట అవుతుంది. మా షెడ్డులో అందరం అంతే. అక్కడ ఎవడైనా మొహం తిప్పుకుని మాట్లాడాడంటే మన మీద మేస్త్రీకి చాడీ చెప్తున్నాడనే లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆవిడతో అంటే, "సిగ్గేమోలే అన్నయ్యా, నీకు మాత్రం తక్కువా" అని నవ్వింది. నాది సిగ్గే. అతనిది దాపరికం. నిన్న మంచినీళ్లకని కిందికొస్తే వంటింట్లో అడిగేశాను, మా దగ్గర ఏం దాస్తున్నావని. గోడవైపు ఏదో గొణిగాడు. ఓపిక పోయి, గడ్డం పట్టుకుని నా వైపు తిప్పాను. తేలు కుట్టిన దొంగలా గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. తప్పు లేనివాడు అలా వెళ్తాడా?

నీ నాన్న

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. అతన్నే అడుగు నాన్నా, గడ్డం మాత్రం పట్టుకోకు, అని తప్ప ఏమీ రాయలేదు. ఆ పొడి మాటకి నా అనుమానం ఇంకా పెరిగింది. అయినా మేడెక్కాను.

పుస్తకం కుడుతున్నాడు. నన్ను చూసి లేచి, మొహం తిప్పబోయి ఆగాడు. నా వైపే తిరిగి కళ్లు మూసుకున్నాడు. పెదాల మీద ఒక్కో మాటా తేటగా తెలిసింది.

"చిన్నప్పుడే ఆటిజం అన్నారు బాబాయ్‌గారూ. మీ పెదాలు చూస్తుంటే గొంతు వేరేగా వస్తుంది నాకు. రెండూ ఒకదానికొకటి అతకవు. చూడ్డం మానేస్తేనే మాట వినపడుతుంది. మీకు చూస్తేనే వినపడుతుందని నాకెవరూ చెప్పలేదు."

నమ్మానా? లేదు. రెప్పల సందులోంచి చూస్తున్నాడేమోనని, షెడ్డులో అనుకునేవాళ్లం చూడు, అలా గొంతు లేకుండా పెదాలతోనే దొంగవెధవా అన్నాను. రెప్ప కదల్లేదు. అప్పుడు గొంతెత్తి అడిగాను, మా అమ్మాయిలో ఏం నచ్చిందని.

"మాట్లాడే ముందు లేచి ఫ్యాను ఆపుతారండి. అడక్కుండానే."

నేనూ లేచి ఫ్యాను ఆపాను. గడ్డం పట్టుకున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం, అతను కళ్లు మూసుకుని, నేను కళ్లప్పగించి. బట్టలివ్వడానికి వచ్చిన ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోంచి చూసి, నిద్రపోయేవాడికి కథలు చెప్తున్నావా అన్నయ్యా అని నవ్వుకుంటూ పోయింది.

నా మాట సరేనని.

ఇక ఒక్క అనుమానం మిగిలింది. అతని సంగతి నీకు ముందే తెలుసు. నా చెవుల సంగతీ తెలుసు. ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా మమ్మల్నిద్దర్నీ ఒకే ఇంట్లో వదిలేసి ఎందుకెళ్లావు? ఆలస్యం చెయ్యకుండా జవాబు రాయి.

నీ నాన్న