బూడిదలో పూడ్చిన ఇంజను హెడ్డు

చిల్లకల్లు, శుక్రవారం

రూబెన్ గారికి,
చిల్లకల్లు భవానీప్రసాద్ నమస్కారాలు. నందిగామలో పోత ఇనుముకి వెల్డింగంటే మీరేనన్నారు. ఫోన్ చేస్తే, గ్రైండర్ మోతకి మీ చెవులు పోయాయని, రాసి పంపమని మీ ఆవిడ చెప్పారు. నా ఆయిలింజను హెడ్డు పగిలింది. వాగులో నీళ్లున్నాయి, తోడే దారి లేదు. మిరప పూత మీదుంది, వాడిపోతోంది. త్వరగా చూడండి.
ఇట్లు, భవానీప్రసాద్

తా.క.: హెడ్డు, ఈ ఉత్తరం ఆటో చిన్నబాబు తెస్తాడు. రోజూ అటూ ఇటూ తిరుగుతాడు, జవాబు వాడికే ఇవ్వండి. వాణ్ణి మాటల్లో పెట్టకండి, సాయంత్రం దాకా కదలడు.

నందిగామ, శనివారం

ప్రసాదుగారికి,
పగులు చూశానండి. కాల్చి, అతికించి, ఊక బూడిదలో పూడ్చిపెట్టా. మూడోరోజున తీస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ధైర్యంగా ఉండండి.
మీ రూబెన్

తా.క.: కుదిరితే రెండు బస్తాల ఊక పంపండి.

చిల్లకల్లు, శనివారం సాయంత్రం

రూబెన్‌కి,
కాల్చానంటావు, పూడ్చానంటావు, మూడోరోజంటావు, ముట్టుకోవద్దంటావు, పైగా ధైర్యంగా ఉండమంటావు! ఇంజను పోయిందని సూటిగా చెప్పలేవా? బతికున్నదాన్ని ఎవరైనా పూడుస్తారా? మా ఆవిడ భారతీదేవి ఏడుపు మొదలెట్టింది. ఉన్నదేదో ఇచ్చెయ్యి. రేప్పొద్దున మా బావమరిది దిలీప్ వస్తాడు.
భవానీప్రసాద్

తా.క.: ఊక దేనికి? చిన్నదినం వంటలకా?

నందిగామ, ఆదివారం

ప్రసాదుగారికి,
అయ్యో, పోలేదండీ! కాలిన పోత ఇనుము ఒక్కసారిగా చల్లారితే మళ్లీ చిట్లుద్ది. బూడిదలో అయితే మెల్లగా చల్లారుద్ది. దిలీప్ గారిని పంపకండి. నేను చర్చికి వెళ్తున్నా.
మీ రూబెన్

తా.క.: మీ ఉత్తరం చదివి మా ఆవిడ కూడా ఎవరు పోయారని అడుగుతోంది.

చిల్లకల్లు, ఆదివారం మధ్యాహ్నం

రూబెన్ గారికి,
మీ ఉత్తరం అందేసరికే దిలీప్ మీ గేటు పక్క బూడిద కుప్ప తవ్వి హెడ్డు తెచ్చేశాడు. వేడిగా ఉందని బకెట్టు నీళ్లు గుమ్మరించాడు. టప్పుమని రెండు ముక్కలైంది. చంపింది మేమే. తోట ముఖం చూడలేకపోతున్నా. నాకేమీ తోచడం లేదండీ.
మీ భవానీప్రసాద్

తా.క.: దిలీప్ మాత్రం "అసలు బూడిదలో ఎందుకు పెట్టాడు?" అని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

నందిగామ, సోమవారం

ప్రసాదుగారికి,
బాధపడకండి. మీ హెడ్డు షెడ్డు లోపల డ్రమ్ములో చక్కగా చల్లారింది. చిన్నబాబుకిచ్చి పంపా, సాయంత్రానికి తోట తడిపేసుకోండి. గేటు పక్క కుప్పలోది పాత ఇనుము కొట్లో తెచ్చిన హెడ్డు. ఆగమంటే ఆగిన రైతు నాకింతవరకు తగల్లేదు. తవ్వుకుపోయేవాళ్ల కోసం అదొకటి వేడివేడిగా ఉంచుతా.
మీ రూబెన్

తా.క.: ముక్కలు పారేయకండి, తిరుగు ఆటోలో పంపండి. అతికించి మళ్లీ పూడ్చాలి. రేపు పరిటాల రత్తయ్యగారి ఇంజను వస్తోంది, ఆయన మీకంటే తొందర మనిషి.