వారానికి అర కిలో

జమ్మలమడుగు,
12-6-1995

మండల పార్టీ అధ్యక్షులు ఆదిశేషారెడ్డి గారికి గౌరవపూర్వకముగా తెలియజేయు సంగతి.

నా అల్లుడు తిమోతి తమరి జీపులో ప్రొద్దుటూరు నుంచి వస్తూ బాంబులకు బలియై నాలుగు నెలలైనది. అతని స్థానంలో నా కుమార్తె ఎస్తేరును సర్పంచి పదవికి నిలబెట్టదలచి తమరు ఎన్నికల పోస్టరు కొరకు ఫోటోగ్రాఫరును పంపినారు. వెంట వచ్చిన తమ మనిషి, "ఏందప్పా, మొగుడు సచ్చినామె ఇంత లావుంటే జాలిపడి ఓటెవురేస్తారు? నెలలో పది కిలోలు తగ్గించు" అని చెప్పి వెళ్లినాడు.

ఆమె ప్రసవించి రెండు నెలలే అయినది. తమ మాటపై గౌరవంతో ఒక పూట భోజనం మాన్పించినాను. పది రోజులకే పాలు తగ్గి బిడ్డ నీరసించినది. ఆసుపత్రి నర్సమ్మ నన్ను నిలదీసినది: "బిడ్డ కడుపు మాడ్చి ఫోటో దిగల్లా? వారానికి అర కిలో తగ్గితేనే శానా ఎక్కువ."

రాత్రిబడిలో చదివి పదవ తరగతి ఉత్తీర్ణుడనైన నేను లెక్క వేసినాను. పది కిలోలకు ఐదు నెలలు పట్టును. నామినేషన్లకు ఇరవై రోజులే ఉన్నవి. కనుక తమరు వేరొకరిని చూచుకొనగలరు. జీపు పంపవద్దని మనవి.

ఇప్పుడు మూడు పూటలా పెట్టుచున్నాము. పెట్టినది తినుచున్నది. తిమోతి పోయిన నాటి నుంచి ఆమె ఒక్కసారియైనా ఏడవలేదు. ఏడ్చుటకు మేము గడువేమీ పెట్టలేదు.

ఇట్లు,
ఎస్తేరు తండ్రి