తల్లులు అక్కడ, పిల్లలు ఇక్కడ

బత్తలపల్లె దగ్గర, లింగారెడ్డి చీనీతోట
శనివారం పొద్దున

నా పేరు కంబక్క. బెళుగుప్ప పక్కన మన ఊళ్లో గొర్రెలు కాసుకుని బతికిన హనుమంతప్ప పెద్దకూతురిని. వయసు డెబ్బై దాటి కొంతకాలమైంది. ఆధార్ కార్డులో ఇంకా ఎక్కువే రాసినారు. మొగుడు లేడు. కొడుకు బెంగళూరులో ఉన్నాడు. ఈ రోజుకు నా సంసారమంటే నేను, నా మనవరాలు సరోజ, ఒక మేకపోతు, తల్లులు లేని గొర్రెపిల్లలు. ఇల్లంటే తోట గట్టున కట్టుకున్న టార్పాలిన్ పట్ట. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే తోటవాళ్ల ఇల్లాలు సుభద్రమ్మ రాస్తోంది. తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను. కొన్ని రాయనంటోంది. వాటిని నువ్వే ఊహించుకో.

తమ్ముడు తిప్పయ్యకు అక్క దీవెనలు. నీ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? మరదలు రత్నమ్మకు చక్కెర జబ్బు మాత్రలు అందుతున్నాయా? మంచంలో ఉన్న చిన్నమ్మ గంజి తాగుతోందా? అందరూ బాగుండాలని మన దేవుణ్ని మొక్కుకుంటున్నాను. నీ కొడుకు ఓబులేసు కోసం మొక్కలేదు. ఉన్నమాటే చెప్తున్నాను.

ఇక్కడ మేము బాగానే ఉన్నాము. నా కుడి మణికట్టు విరిగింది. ధర్మవరం ఆస్పత్రిలో కట్టు కట్టినారు. సరోజ తలకు కుట్లు పడ్డాయి, జుట్టు పెరిగితే కనిపించవు. అంతకు మించి ఏమీ లేదు, బాగానే ఉన్నాము.

నీకు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నీ ఫోన్ ఓబులేసు జేబులో ఉందని తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. లింగారెడ్డి అల్లుడు కళ్యాణదుర్గం పోతూ మన ఊళ్లో దిగి, నీ ముందు కూర్చుని చదివి వినిపిస్తాడు. ఓబులేసు ఇంట్లో ఉంటే వాణ్ని కూడా కూర్చోబెట్టు. లేచిపోతే రెక్క పట్టుకుని కూర్చోబెట్టు.

మేము ఊరు విడిచినప్పటి నుంచి నీకు ఏ కబురూ చెప్పలేదు కదా, మొదలు అది విను. ఇక్కడ మన వైపు గాలి లేదు. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. పుట్టినప్పటి నుంచి చెవిలో హోరుమనే గాలి ఒక్కసారి ఆగిపోతే చెవుడు వచ్చిందనుకున్నాను. చీనీచెట్ల కింద పొద్దున మంచు కురుస్తుంది, పిల్లలు వణుకుతాయి. పట్టలోనే పొయ్యి పెట్టి వాటిని చుట్టూ పడుకోబెడతాము. సంగటికి రాగులు దొరుకుతాయి గానీ మన మిరపకారం లేదు. ఇక్కడి కారం ఎర్రగా ఉంటుంది, నాలుకకు తెలియదు. మాట్లాడటానికి సుభద్రమ్మ ఉంది. మంచిది. అయితే నాయన పేరు తెలిసిన మనిషి ఇక్కడ ఒక్కరూ లేరు. సాయంత్రాలు ఆ సంగతి గుర్తొస్తుంది.

పని మాత్రం ఉంది తిప్పయ్యా. మన ఊళ్లో లేనిది ఇక్కడ ఉన్నది అదే. నాయన కాలంలో ఒక్క చెనిక్కాయ పంటతో ఇంటెడు జనం తిన్నారు. మన కాలంలో బోర్లు వేసి వేసి రాళ్లపొడి తీసినాము. నా కొడుకు కాలానికి ఊరే బెంగళూరు బస్సెక్కింది. వాడు అక్కడ పెద్దోళ్ల ఇళ్లకు కాపలా కాస్తున్నాడు. సొంత ఇంటికి తాళం, పరాయి ఇంటికి కాపలా. సరోజ ఇంటర్ చదివి అక్కడే బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. వచ్చిన జీతం గది అద్దెకు, బస్సుకు పోయింది. కళ్లు గుంటలు పడి తిరిగొచ్చింది. వచ్చిన నెలకు నాతో ఏమన్నదో తెలుసా?

"అవ్వా, ఊర్లల్లో ఎద్దులు లేవు, ఆవులు లేవు. పిల్లోళ్లంతా పోయినారని మందలు కూడా అమ్ముకుంటాండారు. తోటలోళ్లేమో పెంట కోసం మొత్తుకుంటాండారు. అందురూ అమ్ముకున్నంక మిగిలిన మందకే గిరాకీ. మనది మిగిలుండాది."

"ఆడోళ్లు మంద తోలుకుని దేశం పోతారా, యాడన్నా చూసినావా?" అన్నాను.

"మొగోళ్లు యాడుండారవ్వా తోలేకి?"

సరోజ మందను ఫోన్లో ఫోటో తీసి తోటలవాళ్లకు పంపింది. మన తాతలు చేసిన పనే ఇది, కొత్తదేమీ కాదు. రాత్రి మందను తోటలో పడుకోబెడితే భూమికి బలం, తోటవాడు మనకు గింజలో దుడ్లో ఇస్తాడు. మన తాత ఊరూరా తిరిగి అడిగేవాడు. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి దీన్ని అడుగుతున్నారు. ఈ తోట అయిపోతే పామిడి వైపు రమ్మని పిలుపు ఉంది. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి, మన ఇంట్లో ఒకరికి ముందు నెల ఏం తినాలో ఈ నెలే తెలిసింది.

ఇంక బుధవారం సంగతి. బాగా విను.

పొద్దున పిల్లలకు పాలు తాపించి, కంపతో కట్టిన దొడ్డిలో పెట్టి, తల్లుల్ని మేతకు బాటమీదికి తోలినాము. పిల్లలు రోజంతా దొడ్డిలో ఉంటాయి, తల్లులు సాయంత్రం వచ్చి తాపుతాయి. నీకు చెప్పాల్సిన పని లేదు. నీ కొడుక్కు నువ్వు చెప్పాల్సింది. బాటకు అడ్డంగా ఒక గూడ్సు వ్యాను ఆగింది. ఓబులేసు దిగినాడు. వాడి వెనక ముక్కూ మొహం తెలియని ఇద్దరు దిగినారు.

"అత్తా, పక్కకు జరుగు. మందను సంతకు తోలతాండా."

"ఎవుని మందరా?"

"మా తాతది. ఆడబిడ్డకు మందలో పాలు యాడిదత్తా?"

"మీ తాత నా పెండ్లిలో పసుపు రాసి ఇచ్చిన గొర్రె కడుపున పుట్టిన మందరా ఇది. చెవుల గుర్తు చూడు! నీ పాలికొచ్చినవి యాడరా? వాటిని అమ్మి మోటారుసైకిల్‌కు పెట్రోలు పోసినావు కదరా!"

వాడి కళ్లలో నీళ్లు తిరిగినాయి. అబద్ధం చెప్పను, తిరిగినాయి.

"నా బాధ నీకేం తెలుసత్తా? పిల్లను చూసేకి పోతే ఏం అడుగుతారో తెలుసా? గొర్లుండాయా అని. ఉండాయంటే కాఫీ కూడా తాగరు. ఇంగ మా యింటి ఆడపిల్లే మందెనక తిరుగుతాందని తెలిస్తే నాకు పిల్లనెవురిస్తారు? వయసు పోతాండాది నాది!"

సరోజ ఊరుకుంటుందా? "నీకు పిల్లనియ్యంది గొర్ల వాసనకు కాదు మామా, నీ నోట్లో సారా వాసనకు!" అనేసింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడు చెయ్యి ఊపినాడు, ఆ ఇద్దరూ మంద మీద పడినారు. వెనక కాళ్లు పట్టి, బియ్యం మూటలు విసిరినట్టు బండిలోకి విసిరినారు. సూడిది ఒకటి బండి అంచుకు తగిలి కాలు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. సరోజ బండెక్కి తలుపు గొలుసు పట్టుకుని వేలాడింది. నీ కొడుకు కట్టెతో దాని నెత్తిన కొట్టినాడు. ఒక్క దెబ్బ కాదు. కింద పడినాక ఇంకొకటి కొట్టినాడు. బిడ్డ మొహం కనిపించలేదు నాకు, అంత నెత్తురు.

నా చేతిలో దోటి ఉంది. కొమ్మలు దించే పొడుగు కట్టె, కొసన కొడవలి. తిప్పి వేసినాను. అత్త కావాలనే చెవి కోసిందని వాడు ఊళ్లో చెప్పుకుంటున్నాడంట. అది అబద్ధం. నేను మెడకు వేసినాను. వాడు తల తిప్పినాడు, ఎడమ చెవి కొస తెగింది. ఇప్పుడు వాడి చెవి చూడు తమ్ముడూ. నాయన మన మందకు పెట్టిన గుర్తు కూడా ఎడమ చెవి కొసనే కదా. నేను పెట్టలేదు, పడింది.

వాడు నా చెయ్యి పట్టి మెలిపెట్టినాడు. ఎముక పట్‌మంది. నాకు వినిపించింది, వాడికీ వినిపించింది. ఒక్క గడియ నిలబడి "అత్తా" అన్నాడు, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే నన్ను పిలిచినట్టు. తర్వాత బండెక్కి పోయినాడు.

పోతూ పోతూ వాడు చేసిన పని చూడు. తల్లుల్ని ఎత్తుకుపోయి పిల్లల్ని వదిలిపోయినాడు. దొడ్డి వైపు తల కూడా తిప్పలేదు. మన ఇంట్లో పుట్టి, మంద మధ్యలో పాకినవాడు! దొంగతనం చేసేవాడైనా గొర్రెలు కాసినవాడైతే ఆ పని చెయ్యడు. వాడు నా చెయ్యి విరిచినందుకు కాదు, ఇందుకే నాకు వాడి మీద ఉమ్మాలనిపిస్తోంది.

సంతలో ఏం జరిగిందో నీ పక్కింటి మస్తానమ్మ ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నానికి పొదుగులు నిండి రాళ్లయినాయంట. బేరగాడు వంగి చూసి, "పిల్లలు యాడప్పా? పాలిచ్చే తల్లుల్ని పిల్లలు లేకుండా అమ్మేవాడు ఎవుడు? నాకొద్దు ఈ దొంగసొమ్ము" అన్నాడంట. ఇంకెవరూ ముట్టుకోలేదు. బండివాడు ఓబులేసును అమ్మనా బూతులు తిట్టి మందను నీ దొడ్లో దింపి పోయినాడంట. గేటు తీసింది ఎవరు తిప్పయ్యా? నువ్వే. మస్తానమ్మ కళ్లారా చూసింది.

ఇంకోటి కూడా చూసింది. చెప్తాను.

నేటికి నాలుగో పొద్దు. ఇక్కడ పిల్లలకు లింగారెడ్డి ఆవుపాలు సీసాతో పడుతున్నాము. కొన్నింటికి పడలేదు, పారుకుంటున్నాయి. నిన్న పొద్దున రెండు పోయినాయి, సాయంత్రం తెల్లమచ్చది పోయింది. మిగిలినవి నా వేళ్లు చప్పరిస్తున్నాయి. విరిగిన చెయ్యి వేళ్లే వాటి నోటికి అందుతున్నాయి, నేను లాక్కోవడం లేదు. ఇంకో రెండు మూడు రోజులు పోతే తల్లుల పాలు ఆరిపోతాయి, అవి పిల్లల వాసన మరిచిపోతాయి. అప్పుడు నువ్వు మందను తెచ్చినా ఒకటే, తేకపోయినా ఒకటే. ఈ మంద పోతే సరోజ మళ్లీ ఆ కాలర్లు కుట్టడానికి బస్సెక్కుతుంది. నేను పట్టలో ఒక్కదాన్నే చస్తాను. నా సంగతి వదిలెయ్యి. బిడ్డ తన కాళ్ల మీద నిలబడింది, దాన్ని పడగొట్టద్దు.

కేసు పెడతానని సరోజ కూర్చుంది. "సోమారం దాకా ఆగవే, వాడు నా తోడబుట్టినోడు" అన్నాను. "వాని కొడుకు నా తల పగలగొట్టినాడవ్వా" అంది. సోమవారం దాకా ఒప్పించినాను. ఆ తర్వాత దాన్ని ఆపను, స్టేషన్‌లో దాని పక్కనే నిలబడతాను. మెడకు వేసినానని అక్కడ కూడా చెప్తాను.

ఓబులేసుకు పెళ్లి కాకపోవడం నాకూ బాధే. వాణ్ని వీపున మోసిన దాన్ని నేను. అయితే మందను అమ్ముకుంటే పిల్లనిస్తారని ఎవరు చెప్పినారు వాడికి? ఊళ్లో అందరూ అమ్ముకున్నారు కదా, ఎవరి ఇంట్లో బాజా మోగింది? పిల్లనిచ్చేవాళ్లు చూసేది రేపు ఈ ఇంట్లో తిండి ఉంటుందా అని. అది ఈ రోజు సరోజ దగ్గర ఉంది, వాడి దగ్గర లేదు. వాడు వచ్చి దాని తల దగ్గర వంగి తప్పయిందని చెప్తే, సూడి గొర్రెల్ని చూసుకునే పని ఇస్తుందేమో నేను అడుగుతాను. అది ఇవ్వకపోతే బలవంతం చెయ్యను.

చిన్నమ్మ కాళ్లకు నా మొక్కులు చెప్పు, నన్ను దీవించమను. మస్తానమ్మకు సలాం. నా గొంగడి అటక మీద ఉంది, మిరపకారం చిన్న మూట కట్టి దానితో పాటు పంపు.

సోమవారం పొద్దెక్కే లోపల నువ్వు మందను తీసుకుని రా. రాకపోతే నేనే వస్తాను. బతికిన పిల్లల్ని ఒక బండిలో, చచ్చిన వాటిని గోతాంలో వేసుకుని వస్తాను. ఊరి నడిమధ్య దింపుతాను. నీ దొడ్డి గేటు తీస్తాను. ఏ పిల్ల ఏ తల్లి కిందికి దూరుతుందో ఊరంతా నిలబడి చూడనీ. అవి చెప్పినాక మంద ఎవరిదని అడిగే పెద్దమనిషి ఎవడో రమ్మను.

మస్తానమ్మ చూసిన రెండోది ఇది. తెల్లవారుజామున నువ్వు దొడ్లో కూర్చుని, పొదుగులు పగలకుండా ఒక్కొక్క దాన్నే పిండుతున్నావంట. ఆ పాలు నేలమీద పోసి, చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తున్నావంట. ఆ మాట విన్నాకే నీకు ఉత్తరం రాయించాలనిపించింది. నువ్వింకా నాయన కొడుకువే.

పిండడం ఆపద్దు తిప్పయ్యా. ఏడ్చుకో, అయినా పిండు. పాలు ఆరనీయకు.

నీ అక్క
కంబక్క

కుడిచెయ్యి కట్టులో ఉన్నందున ఎడమచేతి బొటనవేలి ముద్ర.

చదివి వినిపించగా సరేనన్నది. రాసినది: సుభద్రమ్మ
సాక్షులు: లింగారెడ్డి, తోట యజమాని
సరోజ, మనవరాలు