మునెమ్మ నడిపిన మీటింగు

జయక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నగరిలో మనిద్దరం కలిసి పెట్టిన నేత మహిళల సంఘం మీటింగును ఇవాళ మునెమ్మ నడిపింది. నువ్వెన్నిసార్లు లేపి నిలబెట్టినా నోరు విప్పని ఆ మునెమ్మే. మగ్గాల వీధికి తాగునీళ్లు రావడం లేదని అర్జీ తనే రాసి, చదివి వినిపించింది. ఒకచోట తడబడితే సాయం చేద్దామని లేచాను.

"నువ్వు కూసో అక్కా, నేనే సదువుతా" అన్నది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మనం లేకపోయినా సంఘం నడవాలని అనేదానివి. నడుస్తున్నది. గంటసేపట్లో నీ పేరు ఎవరూ ఎత్తలేదు. నన్నూ ఏమీ అడగలేదు. ఇంటికి ఒక్కదాన్నే నడిచొచ్చాను. సంతోషంగానే ఉంది. అది చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరక్కా.