గోపమ్మ ఆఖరి చరణాలు

చిరంజీవి మురళికి మామ వ్రాయునది.

భజనల పుస్తకం అట్ట మీద నా పేరు వేయమని నీకు చెప్పిందెవరు? నేనే కదా! ఆ ముప్పై పాటలూ నావి కావు అల్లుడూ. ఏరియూరులో కలుపు తీసే గోపమ్మ కట్టినవి. ఆమెకు చదువు రాదు. ఆమె పాడుతుంటే నేను మన తమిళనాడు బడిలో నేర్చిన తమిళ అక్షరాల్లో రాసుకున్నాను.

మన భజనల్లో కట్టినవాళ్ల పేరు ఆఖరి చరణంలో ఉంటుంది. చట్టాలు లేని కాలంలో అదే వాళ్లకు పట్టా. ఇంగ్లండులో అయితే మొదట పుస్తకం మీద హక్కంతా అచ్చువేసేవాళ్లదేనట. అది రాసినవాడిదని మూడు వందల ఏళ్ల కిందట చట్టం తెచ్చారు. నేను మాత్రం "దేవుడి పాటలో నీ పేరెందుకమ్మా? అది అహంకారం!" అని గద్దించి, గోపమ్మ చేత ఆ చరణాలు మాన్పించాను. ధర్మం చెప్పే ఈ నోటితోనే దొంగతనం చేశాను.

శనివారం పురాణంలో, రాముడి సభలో లవకుశులు పాడి, కావ్యం కట్టింది మా గురువని చాటారని గొంతెత్తి చెప్పాను. ముందు వరసలో గోపమ్మ లేచింది.

"గురువు పేరు చెప్తే అహంకారమని ఆ పిల్లోళ్లను ఎవురూ గద్దించలేదా సామీ?"

అందరూ నవ్వారు. నేను పుస్తకం మూసేశాను.

ఫోనులో చెబితే రేపు కాదనగలను. అందుకే ఈ ఉత్తరం సంతకం పెట్టి పక్కింటి పిల్ల కీర్తిక చేత పంపుతున్నాను. ఈ సాయంత్రం నీ ప్రెస్సులో అచ్చు మొదలుపెడతానన్నావు. పెట్టకు. ఇప్పుడే బండి తీసి ఏరియూరు పో. ఆ చరణాలు ఆమె నోటే విని రాసుకో. అచ్చు వేయనా అని ఆమెనే అడుగు. సరేనంటే అట్ట మీద ఆమె పేరే వేయి. వద్దంటే, ఆ పాటలు రాసుకున్న నా నోటుపుస్తకం, నీ దగ్గరున్నది, ఈరోజే ఆమె చేతిలో పెట్టి రా.